హుషారు కిటికీ

తలుపు మూసిన 41వ రోజు

ఈ పుస్తకంలో అంకెలే రాయాలని కమిటీ ఉత్తర్వు. ఎవరికి ఎన్ని చుక్కలు వేశాను, సీసాలో ఎన్ని మిగిలాయి, అంతవరకే. పదేళ్లుగా అలాగే రాశాను. ఈరోజు నుంచి వెనక పేజీల్లో మిగతావి కూడా రాస్తాను. ఎవరైనా అడిగితే దాచను.

పొద్దున ఐదింటికి లేచి గాజు గొట్టాలు వేడినీళ్లలో మరిగించాను. ఎర్రమూత సీసా హుషారు. నీలిమూత సీసా నిమ్మళం. కిటికీ రెక్క ఎత్తేసరికి అరవై ఆరుగురు వరుసలో ఉన్నారు. ఒక్కొక్కరు నాలుక చాపుతారు. గాలిదారి తవ్వేవాళ్లకు ఐదు చుక్కలు, వంటవాళ్లకు, సున్నం పళ్లేలు మార్చేవాళ్లకు రెండు. నాకూ రెండు, అందరికంటే ముందు. తర్వాత నీలిమూత సీసా పట్టుకుని పడక గ్యాలరీకి వెళ్లాను. అక్కడ రెండు వందల పదిహేను మంది. వాళ్లు నాలుక చాపరు. నోరు కొద్దిగా తెరిచి ఉంటుంది, మనమే వేయాలి.

పైన ఎండ మనిషిని గంటలో చంపే నాలుగు నెలలూ మేము ఈ పాత బొగ్గు గనిలో ఉంటాం. తలుపు మూస్తే మళ్లీ మృగశిర కార్తెలో పడే మిరుగు వానకే తీయడం. లోపలి గాలే తిప్పి తిప్పి పీల్చాలి. మనం వదిలే చెడుగాలిని సున్నం పళ్లేలు లాగేసుకుంటాయి. సున్నం ఉన్నంతవరకే మేము ఉంటాం. కదిలే మనిషి పడుకున్న మనిషికంటే నాలుగింతల గాలి తింటాడని కమిటీ లెక్క. అందుకే పని ఉన్నవాళ్లకు హుషారు, లేనివాళ్లకు నిమ్మళం.

మా తమ్ముడు ఓదెలు తవ్వే జట్టులో ఉన్నాడు. గని లోపలి నుంచి గోదావరి ఒడ్డు కింద దాకా ఒక దారి తవ్వుతున్నారు. అది తెగితే బయటి గాలి ఆ పొడవాటి మట్టిదారిలో చల్లబడి లోపలికి వస్తుంది. అప్పుడు ఎవరూ పడుకుని ఉండనక్కరలేదు. ఇంకా నూట ఇరవై అడుగులు ఉంది.

ఈరోజు ఐదు చుక్కలు వేశాక ఓదెలు నాలుక లోపలికి తీయలేదు. ఇంకొకటి కావాలని కళ్లతోనే అడిగాడు. కుదరదన్నాను. వాడు పక్కకు జరిగాడు గానీ వెళ్లలేదు. చివరి మనిషి అయిపోయేదాకా గోడ పక్కన అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాడు.

44వ రోజు

నస్రీన్ డాక్టరమ్మ ఓదెలును చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తెచ్చింది. కుడిపాదం వాచి, మడమ దాకా నల్లబడి ఉంది. పాదంలో రెండు ఎముకలు విరిగాయట. ఎప్పుడు విరిగాయో వాడికే తెలియదు. నాలుగు రోజుల కింద రాయి పడ్డట్టు గుర్తుందన్నాడు. ఆ నాలుగు రోజులూ ఆ కాలి మీదే నిలబడి పది గంటల చొప్పున తవ్వాడు.

నేను నొప్పి లేదా అంటే నవ్వాడు.

డాక్టరమ్మ వాణ్ని బల్ల మీద కూర్చోబెట్టి నాతో పక్కకు వచ్చి మాట్లాడింది. వేసవి మొదలైనప్పుడు వాడి బరువు డెబ్బై ఒక్క కిలోలు, ఇప్పుడు యాభై ఎనిమిది. ఆమె అంది: "ఈ మందు బలం ఇస్తుందని అందరూ అనుకుంటారు సుగుణా. ఇవ్వదు. ఒళ్లు చాలు చాలు అని చెప్తూనే ఉంటుంది, ఆ మాట మనిషికి వినపడనీయదు. అంతే దీని పని."

పని మాన్పించమని ఆమె కమిటీకి చీటీ రాసింది. కట్టు కట్టి పంపమని జవాబు వచ్చింది. మాన్పించినా వాడు ఆగేలా లేడు. ఒక చోట కూర్చోబెడితే మోకాళ్లు ఎగురుతున్నాయి, పళ్లు నూరుతున్నాడు. కట్టు బిగించగానే వచ్చి వరుస చివర నిలబడ్డాడు. ఐదు చుక్కలు వేశాను. నా చేత్తోనే వేశాను.

47వ రోజు

పడక గ్యాలరీలో ఒళ్లు తిప్పే వంతు ఈరోజు నాది. పూటకోసారి అందరినీ పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. మేము ఆరుగురం. ఒక్కొక్కరినీ తిప్పి, తడిగుడ్డతో తుడిచి, గంజి తాగించడానికి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది.

లచ్చవ్వ దగ్గర ఎప్పటిలాగే ఆమె మొగుడు మొగిలి ఉన్నాడు. సున్నం పళ్లేలు మార్చే పని అతనిది. పని అయిపోగానే వచ్చి ఆమె పాదాలు రుద్దుతాడు. రుద్దితే నెత్తురు గడ్డకట్టకుండా ఉంటుందని డాక్టరమ్మ చెప్పిందట. లచ్చవ్వ పైన ఉన్నప్పుడు మా అందరిలోకీ వేగంగా నాట్లు వేసే మనిషి. బతుకమ్మ ఆడితే ఆమె పక్కన నిలబడ్డవాళ్లకు ఊపిరి ఆడేది కాదు.

పదేళ్లుగా అడగని మాట ఒకటి ఈరోజు అడిగాను.

"లచ్చక్కా, చెయ్యి లేపుతవా?"

ఆమె నా వైపు చూసింది. మత్తు లేదు. కళ్లు తేటగానే ఉన్నాయి.

"లేపొచ్చు" అంది.

లేపలేదు. నేను కాసేపు చూశాను. ఆమె కూడా తన చెయ్యి వైపు చూసుకుంది, పక్కింటివాళ్ల సామాను చూసినట్టు. మొగిలి తల ఎత్తకుండా పాదాలు రుద్దుతూనే ఉన్నాడు.

చేతిలో సత్తువ లేక కాదు. లేపాలన్న ఆశే ఆమెలో లేదు. దాన్ని తీసేసింది నేను వేసే నాలుగు చుక్కలు.

52వ రోజు

సత్తయ్య చనిపోయాడు. తవ్వే జట్టులో పెద్దవాడు, యాభై దాటాయి. తోటివాళ్లు చెప్పినదాన్ని బట్టి పడేదాకా పాట పాడుతూనే ఉన్నాడు. గడ్డపార ఎత్తాడు, దింపలేదు, అలాగే మోకాళ్ల మీద కూలాడు. గుండె ఆగిపోయిందని డాక్టరమ్మ చెప్పింది. నిన్న పొద్దున నాలుక చాపినప్పుడు ఆయన పెదవులు నీలంగా కనిపించాయి. బొగ్గు మసేమో అనుకున్నాను.

ఓదెలుది సత్తయ్య పక్క చోటు. శవాన్ని మోసుకుపోయిన తర్వాత మిగిలిన షిఫ్టు పూర్తి చేసి వచ్చాడు. ఏడవలేదు. ఆ రోజు తవ్విన అడుగుల లెక్క నాతో చెప్పాడు.

మధ్యాహ్నం కమిటీ ఉత్తర్వు వచ్చింది. పని వెనకబడింది కాబట్టి తవ్వేవాళ్లకు ఐదు బదులు ఎనిమిది చుక్కలు.

53వ రోజు

మొగిలి పళ్లేలు మార్చి వస్తూ కిటికీ దగ్గర ఆగాడు. తక్కువ మాట్లాడే మనిషి. ఏదో చెప్పాలని వచ్చాడని తెలిసి నేనే కదిపాను.

అతను చెప్పింది ఇదీ. వేసవి మొదట్లో రోజుకు ముప్పై పళ్లేల సున్నం సరిపోయేది. ఇప్పుడు ముప్పై తొమ్మిది మార్చాల్సి వస్తోంది. మనుషులు పెరగలేదు. పెరిగింది హుషారే: వేసవి మొదట్లో తవ్వేవాళ్లకు మూడు చుక్కలు, తర్వాత ఐదు, ఇప్పుడు ఎనిమిది. తవ్వే చోట పెట్టిన పళ్లేలు ముందులాగే ఉన్నాయి. తొందరగా చచ్చుబడేవి తవ్వేవాళ్లు పడుకునే గదిలోవి.

"పని కాడ గాదు చెల్లె" అన్నాడు. "పండుకునే కాడ. పండుకుంటె గద! పద్నాలుగు గంటలు గోడకు గోడకు నడుసుడే. ఒక్కొక్కడు ఇద్దరి గాలి తింటుండు."

అతను వెళ్లాక నేనూ పోయి ఆ గది చూశాను. ముప్పై నలుగురు. ఒక్కడు కూడా పక్క మీద లేడు. ఒకడు ఉతికిన చొక్కానే మళ్లీ ఉతుకుతున్నాడు. ఇద్దరు గడ్డపారలకు పదును పెడుతున్నారు. ఓదెలు కట్టు కట్టిన కాలితో గది ఈ మూల నుంచి ఆ మూలకు నడుస్తున్నాడు. నన్ను చూసి కూడా ఆగలేదు.

గాలి మిగల్చడానికి రెండు వందల మందిని పడుకోబెట్టాం. అలా మిగిలిన గాలి ఈ గదిలో నడకకే పోతోంది.

54వ రోజు

దామోదర్ సార్ దగ్గరికి వెళ్లాను. కమిటీకి ఆయనే పెద్ద. మొగిలి చెప్పిన పళ్లేల లెక్క, నా చుక్కల లెక్క పక్కపక్కన రాసి చూపించాను. హుషారు ఆపేసి, నిమ్మళం కొద్దికొద్దిగా తగ్గించి, అందరం రెండేసి గంటల వంతున తవ్వితే సున్నం ఇంతకంటే ఎక్కువ కాదన్నాను.

ఆయన చెడ్డవాడు కాదు. అది కూడా రాయాలి. కాగితం రెండుసార్లు చదివాడు. తర్వాత మేము గనిలో గడిపిన మూడో వేసవి సంగతి చెప్పాడు. అప్పటికి చుక్కలు లేవు. పిల్లలు గ్యాలరీల్లో ఆడుకునేవాళ్లు, పెద్దవాళ్లు కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్లు. సున్నం ముందే అయిపోయింది. పందొమ్మిది మంది పోయారు. అందులో ఆయన కూతురు ఒకతి.

"నీ లెక్క తప్పయితే ఎంతమందిని మోస్తవ్ సుగుణమ్మా?" అని అడిగాడు.

సత్తయ్యను ఎవరు మోశారని అడగాలని ఉండింది. కాగితం మడుచుకుని వచ్చేశాను. అడగనందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

55వ రోజు

నా రెండు చుక్కలు వేసుకోలేదు. అది ఆపితే ఏమవుతుందో ముందు నా ఒంటి మీదే చూడాలి.

మధ్యాహ్నం దాకా ఏమీ లేదు. తర్వాత గొట్టాలు కడగడానికి లేవబోతే లేవాలనిపించలేదు. కాళ్లు నొప్పిగా లేవు. ఒళ్లు వేడిగా లేదు. లేవడానికి కారణం ఒక్కటీ దొరకలేదు.

56వ రోజు

చెంచా బరువు. పొద్దున కిటికీ దగ్గరికి పదిహేడు అడుగులు. ఎనిమిదో అడుగు దగ్గర నిలబడిపోయాను. ఏడుపు వచ్చింది, అది కూడా సగంలో ఆగింది. పని మాత్రం చేశాను. ఎలా చేశానో రాయలేను.

57వ రోజు

ఇంకా అలాగే. డాక్టరమ్మ వచ్చి పక్కన కూర్చుంది. తను కూడా తన చుక్క మానేసిందట, నిన్నటి నుంచి. అందరికీ మందు ఆపితే ఏమవుతుందని అడిగాను. హుషారు ఒక్కసారిగా ఆపితే ప్రాణం పోదని, మనుషులు కూలిపోయినట్టు పడుంటారని, కొందరికి బతుకు మీదే విరక్తి పుడుతుందని, వాళ్లను ఒంటరిగా వదలకూడదని చెప్పింది. నిమ్మళం మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు. సగం, పావు, ఆ తర్వాతే ఏమీ లేకుండా. లేచేవాళ్లను ఇద్దరు పట్టుకుని లేపాలి.

ఇదంతా ఎందుకు అడుగుతున్నానో ఆమె అడగలేదు.

సాయంత్రం గ్యాలరీ చివరన ఎవరో డబ్బాలో పప్పు దంచుతుంటే నా కుడికాలి బొటనవేలు ఆ దరువుకు ఊగింది. నేను ఊపలేదు. దానంతట అదే. పది వేసవుల్లో మొదటిసారి నా కాలు నన్ను అడగకుండా కదిలింది.

58వ రోజు

మూసేశాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఐదున్నరకు కిటికీ రెక్క ఎత్తాను. అరవై అయిదుగురు ఉన్నారు. హుషారు పీపా నా దగ్గరే ఉంటుంది, ఏడాదికి చేసిన మందంతా అందులోనే. దాన్ని కిటికీ బల్ల మీద పెట్టాను. పక్కన సగమే చచ్చుబడ్డ సున్నం బాల్చీ. అందరూ చూస్తుండగా పీపా వంచాను. నీళ్లు పోసినట్టే పోయింది. సున్నం కొద్దిగా బుసబుసమంది.

ఎవరికీ అర్థం కాలేదు మొదట. చివరి చుక్క దాకా పోయాక చెప్పాను, ఈరోజు నుంచి హుషారు లేదని, రేపటి నుంచి నిమ్మళం సగమేనని, గాలిదారి అందరం కలిసి తవ్వుదామని.

వరుస విరిగి కిటికీ మీదికి వచ్చింది. రెక్క ఊచలు వంగాయి. ఒకతను నా జాకెట్టు చెయ్యి పట్టి లాగితే చిరిగింది. డాక్టరమ్మ పక్క తలుపు నుంచి వచ్చి వాళ్లకూ నాకూ మధ్య నిలబడింది. ఆమె నిలబడటం చూసి కొందరు ఆగారు.

ఓదెలు మాత్రం బాల్చీ దగ్గరికి పోయాడు. అందులో చెయ్యి ముంచబోతే మొగిలి పట్టుకున్నాడు. అది కాలుస్తుంది. మొగిలికి వాడి బలం సరిపోలేదు, ఇంకో ఇద్దరు పట్టాల్సి వచ్చింది. వాడు నా ముఖం చూసి అన్న మాట ఇది.

"నా కాళ్లు గుంజుకున్నవ్ అక్కా."

"నీ కాలు విరిగింది ఓదెలూ. నీకు తెల్వనీయలేదు నేను. గిప్పుడు తెలుస్తది."

వాడు ఉమ్మేశాడు. నా మీద కాదు, నేల మీద. తల్లి పోయాక పెంచింది నేనే. ఆ ఉమ్మి నా మీదే పడ్డట్టుంది.

దామోదర్ సార్ గంట తర్వాత వచ్చాడు. బాల్చీలోకి చూశాడు. నన్ను గదిలో పెట్టి తాళం వేయమన్నాడు. నేను వెళ్లే ముందు చెప్పాను, నిమ్మళం సగానికి తగ్గించకపోయినా, ఇకమీద నా చేత్తో ఎవరి నోట్లోనూ వేయనని. వేసేవాళ్లు దొరికితే వేయించుకోమన్నాను.

61వ రోజు

మూడు రోజులు గదిలోనే ఉన్నాను. పుస్తకం డాక్టరమ్మ ఈరోజే తెచ్చి ఇచ్చింది, 58వ రోజు సంగతీ ఇప్పుడే రాశాను. తెలిసిన సంగతులు డాక్టరమ్మ గంజి తెచ్చినప్పుడు చెప్పినవి.

తవ్వేవాళ్లంతా పడిపోయారు. మొదటి రోజు అరుపులు, రెండో రోజు నిద్ర. ముప్పై గంటలు నిద్రపోయినవాళ్లున్నారు. ఓదెలు లేచి కాలు చూసుకుని గట్టిగా ఏడ్చాడట, నొప్పికి. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతులో సంతోషం ఉంది. నాకూ కలిగింది. రాయడానికి బాగుండదు గానీ కలిగింది.

పనివాళ్లు లేక, వేరే దారి లేక, దామోదర్ సారే నిమ్మళం సగానికి తగ్గించడానికి ఒప్పుకున్నాడు. చుక్కలు డాక్టరమ్మ వేస్తోంది. పడక గ్యాలరీలో మాటలు మొదలయ్యాయి. ఒకాయన నీళ్లు తనే అడిగి తాగాడు.

నిన్న వాడిన సున్నం ఇరవై ఎనిమిది పళ్లేలు.

62వ రోజు

లచ్చవ్వ చనిపోయింది.

ఇద్దరు పట్టుకుని లేపాలని అందరికీ చెప్పి ఉంచారు. ఆమె ఆగలేదు. పొద్దున ఎవరూ చూడకముందే లేచి కూర్చుంది, గోడ పట్టుకుని నిలబడింది. మొగిలి పళ్లేలు మార్చి వస్తున్నాడు. ఆమె అతని వైపు నడిచింది. ఇరవై అడుగులు అయినా వేసి ఉంటుందన్నారు. అతని దాకా రాలేదు. ఊపిరి అందక గుండె పట్టుకుని కూలిపోయింది.

కాలిలో గడ్డకట్టిన నెత్తురు కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయిందని డాక్టరమ్మ చెప్పింది. అది రెండు నెలలు పడుకోవడంలో గడ్డకట్టిందట. పాదాలు ఎంత రుద్దినా ఆగలేదు.

రెండు నెలలు పడుకోబెట్టింది నేను వేసిన చుక్కలే. లేపింది నేను ఆపిన చుక్కలే. ఎటు తిప్పినా నా చెయ్యే ఉంది అందులో. ఇది ఎవరి మీదికీ తోయను.

63వ రోజు

నన్ను పెద్ద గ్యాలరీలోకి తెచ్చారు. కూర్చోగలిగినవాళ్లంతా కూర్చున్నారు, కూర్చోలేనివాళ్లు పడుకునే విన్నారు. దామోదర్ సార్ లచ్చవ్వ పేరు చెప్పాడు. ఇంకెంతమంది పోవాలని అడిగాడు. నీలిమూత సీసాలు ఉన్నాయి, అందరినీ మళ్లీ పడుకోబెట్టి మిరుగు దాకా సున్నం సరిపెట్టుకుందాం, గాలిదారి వచ్చే ఏడు చూసుకుందాం అన్నాడు. చాలామంది తలలు ఊపారు. భయం అందరికీ ఉంది, నాకూ ఉంది.

నన్ను చెప్పమన్నారు. సత్తయ్య పెదవుల సంగతి చెప్పాను. లచ్చక్కను చెయ్యి లేపమని అడిగిన రోజు సంగతి చెప్పాను. ఆమె చావులో నా పాలు ఉందని కూడా చెప్పాను. క్షమించమని అడగలేదు.

అప్పుడు మొగిలి లేచాడు. భార్యను పొద్దునే పాత బొగ్గు పొరలో పూడ్చి వచ్చాడు, చేతులకు ఇంకా మసి ఉంది. ముందు నా వైపు చూశాడు.

"నేను నిన్ను మాఫ్ చెయ్య సుగుణా. ఈ జన్మకు చెయ్య" అన్నాడు. తర్వాత దామోదర్ సార్ వైపు తిరిగాడు. "కని ఆ నీలిమూత సీస ఎవడన్న మళ్ల తెరిస్తె వాని చెయ్యి విరగ్గొడ్త. నా పెండ్లం నా దిక్కు నడిసొచ్చింది సారూ. రొండు నెలలకు నడిసొచ్చింది. దాన్ని మళ్ల పండవెడ్తనంటె నేనెట్ల ఊకుంట?"

పడక మీద నుంచి ఒక ముసలామె తనను లేపి కూర్చోబెట్టమని పక్కవాళ్లను అడిగింది. ఇద్దరు పట్టి కూర్చోబెట్టారు. ఆమె తర్వాత ఇంకొకరు అడిగారు.

దామోదర్ సార్ చాలాసేపు ఆ లేచేవాళ్లను చూశాడు. సున్నం రోజుకు నలభై పళ్లేలు దాటిన రోజున అందరినీ పడుకోబెడతానని, అప్పుడు ఎవరి మాటా విననని చెప్పి వెళ్లిపోయాడు. నా గదికి తాళం మళ్లీ వేయలేదు.

70వ రోజు

రెండేసి గంటల వంతులు. నడవగలిగినవాళ్లు నూట తొంభై మంది అయ్యారు. కొందరు తవ్వుతున్నారు, కొందరు తట్టలు అందిస్తున్నారు, కూర్చునే చేసేవాళ్లు గడ్డపారలకు పదును పెడుతున్నారు. మొదటి రోజు అందరం కలిసి తవ్వింది అడుగున్నర. ఓదెలు జట్టు హుషారులో రోజుకు రెండున్నర అడుగులు తవ్వేది. దామోదర్ సార్ ఆ సంగతి గుర్తుచేశాడు. నేను ఆ రెండున్నర అడుగులకు ఓదెలు పాదం ఎంత పోయిందో గుర్తుచేశాను.

నేను తట్టలు మోస్తున్నాను. ఇరవై తట్టలయ్యాక అలిసి కూర్చున్నాను. కూర్చోవాలనిపించింది కాబట్టి కూర్చున్నాను. తర్వాత లేవాలనిపించింది.

సున్నం ముప్పై నాలుగు.

78వ రోజు

రోజుకు నాలుగడుగులకు వచ్చాం. సున్నం ముప్పై ఏడు. మొగిలి లెక్క చెప్పడానికి వస్తాడు. అంకె చెప్పి వెళ్లిపోతాడు. నా ముఖం చూడడు. నేను అతని పాదాల వైపు చూస్తాను.

ఓదెలు లేవడం లేదు. కాలు అతుక్కుంటోంది గానీ మనిషి గోడ వైపు తిరిగి పడుకునే ఉన్నాడు. ఏం చేయాలనీ లేదు వాడికి. అన్నం పెడితే తింటాడు. మందు వల్ల వచ్చిన ఆశ అంతా మందుతోనే పోయిందని, సొంతది మళ్లీ పుట్టడానికి టైము పడుతుందని, ఎంత టైమో తనకు తెలియదని డాక్టరమ్మ అంటోంది. రోజూ నా వంతు అయ్యాక వెళ్లి వాడి పక్కన కూర్చుంటున్నాను. లెమ్మని అనడం లేదు. పదేళ్లు అందరినీ లేపింది, పడుకోబెట్టింది నేనే. ఇంక ఎవరికీ ఆ మాట చెప్పదలచుకోలేదు.

85వ రోజు

సున్నం ముప్పై తొమ్మిది. దామోదర్ సార్ ఈరోజు మూడుసార్లు వచ్చి పళ్లేలు లెక్కపెట్టాడు. ఇంకా తొమ్మిది అడుగులు ఉంది. తట్టలు మోసేవాళ్లలో పదిమందికి తలనొప్పి, గాలి బరువుగా ఉంది. ఎవరూ ఆపుదామనలేదు. పాటలు మాత్రం ఆపేశాం, ఊపిరి మిగులుతుందని.

పొద్దున వంతులో నా ముందు తట్ట అందుకున్నది దామోదర్ సార్. చొక్కా విప్పి, తలకు గుడ్డ చుట్టుకుని. నేనేమీ అనలేదు, ఆయనా అనలేదు. పదిహేను తట్టలకు ఆయాసపడి పక్కకు పోయాడు. మధ్యాహ్నం మళ్లీ వచ్చాడు.

87వ రోజు

తెగింది.

పొద్దున పదింటికి. చివరి రాయి లాగగానే మట్టి వాసన, దాని వెనక నీళ్ల వాసన. మొదట వచ్చిన గాలి వెచ్చగా ఉంది, కాసేపటికి చల్లబడింది. ముందు వరసలో ఉన్న ఒకామె వెనక్కి తిరిగింది. ఆమె జుట్టు ఎగురుతోంది. అది చూసి అందరికీ తెలిసింది.

ఓదెలు రాలేదు. గాలి వాడి దాకా పోయింది. నేను వెళ్లేసరికి గోడ వైపు కాక ఇటు తిరిగి పడుకుని ఉన్నాడు. నీళ్లు కావాలా అంటే, తనే తెచ్చుకుంటానన్నాడు. తెచ్చుకోవడానికి చాలాసేపు పట్టింది. కుంటుతూ పోయి, కుంటుతూ వచ్చాడు. నా గ్లాసు కూడా నింపి తెచ్చాడు.

119వ రోజు

పైన ఉరుములు వినిపిస్తున్నాయి. రేపు తలుపు తీస్తారు. అందరూ మూటలు కట్టుకున్నారు.

సాయంత్రం పెద్ద గ్యాలరీలో ఆఖరి మీటింగ్. దామోదర్ సార్ వచ్చే వేసవి పనులు పంచాడు. సున్నం ఎవరు కాల్చాలి, ధాన్యం ఎవరు నిలవ చేయాలి, గాలిదారికి ఊచలు ఎవరు బిగించాలి. చివరన మందు సంగతికి వచ్చాడు. గాలిదారి ఉన్నా అది పూడిపోతే ఏం చేస్తామని అడిగాడు. జాగ్రత్త కోసమైనా రెండు సీసాలూ తయారుచేసి ఉంచాలి, కిటికీకి మనిషి ఉండాలి. నన్ను ఆ పని నుంచి తీసేశారు. ఎవరు కూర్చుంటారని అడిగాడు.

ఎవరూ చెయ్యి ఎత్తలేదు. ఆయన జాబితా తీసి పేర్లు చదవడం మొదలుపెట్టాడు. అది ఆయన హక్కు. పేరు చదివితే పని చేయాలి, చేయనంటే వచ్చే వేసవికి లోపల చోటు ఉంటుందో లేదో కమిటీ ఇష్టం. ఆ సంగతి కూర్చున్న ప్రతి మనిషికీ తెలుసు.

మొదటి పేరు డాక్టరమ్మది. కూర్చోనంది. రెండో పేరు వంటశాల పెద్దది. ఆమె కొంగు సర్దుకుని, కూర్చోనంది. మొగిలి తల అడ్డంగా ఊపాడు. ఆయన ఆగకుండా చదివాడు. పద్నాలుగు, పదిహేను, ఇరవై. ఒక్కొక్కరు లేచి నిలబడి, ఆ ఒక్క మాట చెప్పి కూర్చున్నారు. ఒకాయన చెప్పి, భయపడి, మళ్లీ ఇంకాస్త గట్టిగా చెప్పాడు.

ఓదెలు పేరు వచ్చింది. వాడు వెంటనే లేవలేదు. నేను భయపడ్డాను. ఎర్రమూత సీసా పక్కన రోజంతా కూర్చునే పని. వాడికి ఆ సీసా ఇంకా కలలోకి వస్తుందని వాడే చెప్పాడు. కర్ర పట్టుకుని మెల్లగా నిలబడ్డాడు.

"కూసోను సారూ. అలిసిన. పోయి పండుకుంట" అన్నాడు.

అందరూ చూస్తుండగా కుంటుకుంటూ తన పక్క దగ్గరికి నడిచి, దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. కాసేపట్లో నిద్రపోయాడు.

దామోదర్ సార్ మిగతా పేర్లు చదవలేదు. జాబితా మడిచి జేబులో పెట్టుకున్నాడు. మనుషులను వెళ్లగొట్టే మాట కూడా ఎత్తలేదు. ఎంతమందిని వెళ్లగొడతాడు?

పని నుంచి తీసేసినా ఆ జాబితాలో నా పేరు చివరన ఉంటుంది. దాని దాకా రాలేదు. అందుకని నా జవాబు ఇక్కడ రాసి, సంతకం పెట్టి, పుస్తకం కమిటీ బల్ల మీద తెరిచి పెడుతున్నాను.

కూర్చోను.

సుగుణ